డోలి చెప్పే చరిత్ర

నేను పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవం అంటే కొమ్ముల ఆట ఉండాల్సిందే. అట్టతో చేసిన కొమ్ములు, అద్దెకు తెచ్చిన బట్టలు, సౌండు బాక్సులో పాట. నాలుగు నిమిషాలు, చప్పట్లు. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు, "సార్, ఇది ఎప్పుడు ఆడతారు?" "పండుగకి" అన్నాను. "ఏ పండుగకి?" అన్నాడు. కోయ ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి పంతులునైన నేను నీళ్లు నమిలాను.

ఆ రోజు ఇంటికెళ్లి మా పెద్దవాళ్లను అడిగాను. విత్తనం చల్లే ముందు భూమి పండుగ, పంట చేతికొచ్చాక కొత్తల పండుగ, పెళ్లి, చావు, వేల్పుల కొలుపు. దేని దెబ్బ దానిదే. చావు డోలు పెళ్లిలో మోగదు. ఊళ్లో పెద్దవాళ్లు డోలు వినే, ఏ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేవారు.

అన్నిటికన్నా నన్ను ఆపింది డోలీల సంగతి. వీళ్లు మన కోయల్లోనే కథ చెప్పేవాళ్లు. ఒక్కో గట్టుకు ఒక్కో ఇలవేల్పు, ఆ వేల్పుకు పడిగె. పడిగె అంటే మూడు మూలల గుడ్డ, దాని మీద ఆ గట్టు పూర్వీకుల బొమ్మలు. డోలి ఆ బొమ్మలు చూపుతూ, డోలు కొడుతూ, ఎవరు ఎక్కడినుంచి వచ్చారో, ఎవరికి ఎవరు అన్నదమ్ములో పాడతాడు. ఒకే గట్టువాళ్లు పెళ్లాడకూడదు కాబట్టి ఆ పాటతో ఊరికి పని ఉంది. అది ఊసుపోక పాడేది కాదు.

మన జిల్లాలోనే మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవారు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన డోలి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు. ఆ పాటను దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లు మనలో ఎంతమంది?

ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ కనిపెట్టాడని, 1889లో తవ్వకం మొదలైందని, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయిందని మన పిల్లలు గడగడా చెబుతారు. చెప్పాల్సిందే, మన ఇళ్లల్లోనూ ఆ జీతం తిన్నవాళ్లున్నారు. కాని ఆ నేల మీద అంతకుముందు ఏ గట్టువాళ్లు ఉన్నారో, వేల్పు ఏ చెట్టుకింద ఉండేదో కంపెనీ పుస్తకంలో వెతికితే దొరకదు. డోలి నోట్లో ఉంది. ఊరు లేచిపోతే పడిగెను వెంట తీసుకెళ్లొచ్చు, చెట్టును తీసుకెళ్లలేం. డోలి కూడా పోతే ఆ చెట్టు ఎక్కడుండేదో అడగడానికి మనిషి ఉండడు.

అందుకే ఇప్పుడు నా తరగతిలో ఆట నేర్పే ముందు పిల్లల్ని ఇంటికి పంపుతున్నాను. మీది ఎన్నో గట్టు, మీ పడిగె ఎవరింట్లో ఉంది, డోలీలు మీ ఊరికి చివరిసారి ఎప్పుడొచ్చారు? మొదటి ప్రశ్నకు సగంమంది జవాబు తెచ్చారు. రెండోదానికి నలుగురు. మూడోదానికి ఒక్క పిల్ల, "మా తాత చచ్చిపోయినప్పుడు" అంది. ఆ ఊరికి వెళ్లాలి.