పొలం గట్టున ఒక్క అక్షరం

అడవి అయితే ‘ఎఫ్’. దుక్కి నేల అయితే ‘ఎ’. ఏడాది పొడవునా గడ్డే ఉండే పచ్చిక ‘ఎమ్’. తుప్పలు మొలిచిన కొండబీడు ‘హెచ్’. తోటలకు ‘జి’, చెరువులకు ‘పి’. ఇళ్లు, గనులు, సేద్యానికి పనికిరాని నేల ‘డబ్ల్యూ’. 1930ల మొదట్లో బ్రిటన్ బడిపిల్లలు పటం, పెన్సిలు పట్టుకుని పొలాల వెంట తిరుగుతూ వేసిన గుర్తులివి. ఏడంటే ఏడే. వాటితోనే ఆ దేశం తన నేల లెక్క తేల్చుకుంది.

ఈ పని తలకెత్తుకున్నవారు డడ్లీ స్టాంప్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో భూగోళం చెప్పేవారు. అంతకుముందు 1923 నుంచి 1926 దాకా రంగూన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. మన కోస్తా జిల్లాల కూలీలు ఓడలెక్కి రేవు పనికీ, బియ్యం మిల్లులకూ వెళ్లిన రంగూనే అది. స్వదేశానికి తిరిగొచ్చాక 1930లో ఆయన ‘ల్యాండ్ యుటిలైజేషన్ సర్వే ఆఫ్ బ్రిటన్’ మొదలుపెట్టారు.

అంత పెద్ద దేశానికి ఆపాటి లెక్క లేదా అని మనకు అనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కరణం అడంగల్ తిరగేస్తే ఏ సర్వే నంబరులో ఏ పైరుందో కనిపించేది. బ్రిటన్‌లో కూడా ఏటా పంటల లెక్కలు తీసేవారు. కానీ బయటికి వచ్చేవి మొత్తాలే. గోధుమ ఎన్ని ఎకరాలో తెలిసేది, ఆ గోధుమ ఏ గట్టు పక్కన ఉందో తెలిసేది కాదు.

జీతాలిచ్చి సర్వేయర్లను పెట్టుకునే స్తోమత స్టాంప్‌కు లేదు. నార్తాంప్టన్‌షైర్‌లో బడులు అప్పటికే ఇలాంటి పటం ఒకటి తయారుచేసి చూపించాయి. ఆ దారే ఆయనా పట్టారు. మైలుకు ఆరంగుళాల చొప్పున గీసిన ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు ఊరూరా బడులకు చేరాయి. మొత్తం దాదాపు 22,000 షీట్లు. సుమారు రెండున్నర లక్షల మంది పిల్లలు పాల్గొన్నారని అంచనా.

కిటుకంతా ఆ పటంలోనే ఉంది. ప్రతి పొలం గట్టూ అందులో ముందే అచ్చయి ఉంది. గొలుసు పట్టి కొలవనక్కర్లేదు. తానెక్కడ నిలబడ్డాడో పటంలో గుర్తుపట్టి, కంచె అవతలికి తొంగిచూసి, ఒక్క అక్షరం వేస్తే చాలు. వినడానికి సులువే గానీ గడ్డి దగ్గర తిరకాసు. పంట మార్పిడిలో భాగంగా రెండు మూడేళ్లు గడ్డి వేసిన చేను ‘ఎ’ కిందికే వస్తుంది. పక్కనే తరతరాలుగా పచ్చికగా ఉన్నది ‘ఎమ్’. చూడ్డానికి రెండూ పచ్చగానే ఉంటాయి! రైతును అడగాల్సిందే.

మామూలుగా క్షేత్రపర్యటన అంటే జవాబు మాస్టారికి ముందే తెలుసు, పిల్లలు దాన్ని కనిపెట్టినట్టు నటిస్తారు. ఇక్కడ జవాబు మాస్టారికీ తెలియదు, లండన్‌లో ప్రొఫెసరుకూ తెలియదు. ఈ సర్వే ప్రత్యేకత అదే.

బడులు లేని చోట, ముఖ్యంగా స్కాట్లండ్ కొండల్లో, విశ్వవిద్యాలయ విద్యార్థులూ ఔత్సాహికులూ తిరిగారు. స్టాంప్ కూడా స్వయంగా వెళ్లి సరిచూసుకునేవారు. 1933 నుంచి మైలుకు అంగుళం కొలతలో రంగుల పటాలు వెలువడ్డాయి. దుక్కికి గోధుమరంగు, పచ్చికకు లేత ఆకుపచ్చ, బీడుకు పసుపు.

1939లో యుద్ధం వచ్చింది. తిండిలో అధికభాగం ఓడల మీద తెచ్చుకునే దేశం అది. ఆ ఓడలకు జర్మన్ జలాంతర్గాములు ఎదురయ్యాయి. పచ్చిక దున్ని గోధుమ, బంగాళాదుంప వేయించే బాధ్యత జిల్లా యుద్ధ వ్యవసాయ కమిటీలది. ఎక్కడ దున్నాలో తేల్చడానికి స్టాంప్ పటాలు పనికొచ్చాయి. 1932లో పదమూడేళ్ల కుర్రాడు ‘ఎమ్’ అని రాసిన నేల మీదికి నాగలి వచ్చేసరికి వాడికి ఇరవై, సైన్యంలో చేరే వయసు.

1948లో స్టాంప్ ఈ కథంతా పుస్తకంగా తెచ్చారు. 1960లలో ఆలిస్ కోల్‌మన్ రెండో సర్వే నడిపారు. 1986లో బీబీసీ ‘డూమ్స్‌డే ప్రాజెక్టు’ పేరిట బడిపిల్లల చేత మళ్లీ ఊళ్ల వివరాలు రాయించి లేజర్ డిస్కుల్లో దాచింది. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలు దొరకడమే కష్టమైంది. 1930ల పటాలకు ఆ బాధ లేదు. కాగితం కదా, విప్పి బల్ల మీద పరిస్తే చాలు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ గోధుమరంగు చేల మీద ఇవాళ ఎన్ని కాలనీలు లేచాయో పోల్చి చూసుకోవచ్చు.