కట్టెకు నామనిర్ణయము



కొన్నియేండ్ల క్రిందట సీతాఫల్‌మండిలోని మా యింటికి ఒక భక్తుడు మొద్దునుండి కోసిన తుండునొకదానిని తెచ్చి, "స్వామీ! ఇది రక్తచందనమేనా? సూర్యార్చనకు అరగదీయవచ్చునా?" అని యడిగెను. బెరడుపై నెత్తురువలె గడ్డకట్టిన జిగురును చూచి మేము ఔనంటిమి. ఆ మాట తప్పని పిమ్మట తెలిసినది.

యజ్ఞకర్మయందు వృక్షనామము ప్రధానము. శ్రీమద్రామాయణ బాలకాండమున దశరథుని అశ్వమేధమునకు 21 యూపములు చెప్పబడినవి. అందు మారేడువి 6, చండ్రవి 6, మోదుగువి 6, విరిగిది 1, దేవదారువువి 2. ఒకదాని స్థానమున మరియొకదానిని యథేచ్ఛగా నిలుపరాదు. అయితే యూపమునకై అధ్వర్యువు అడవికేగి, ఆకులతో నిలిచియున్న చెట్టునే యెన్నుకొనును. పాఠశాలలో మేమును సమిధలను ఆకును, బెరడును చూచియే గుర్తింప నేర్చితిమి. నరికిన మొద్దునకు ఆకు లేదు, పూవు లేదు. మిగిలినది చేవ మాత్రమే.

ఆ చేవను చదువు విద్యయు నొకటి కలదు. అటవీశాఖాధికారి గాంబుల్ దొర 1881లో భారతదేశపు కలపలను గూర్చి గ్రంథము వెలువరించెను. అడ్డుకోతను నున్నగా చెక్కి భూతద్దముతో చూచినచో, అందలి రంధ్రముల పరిమాణము, అమరిక, గీతల తీరు చెట్టు జాతిని తెలుపును. 1906లో డెహ్రాడూనున నెలకొన్న అటవీ పరిశోధన సంస్థ ఈ విద్యను పెంపొందించినది.

రక్తచందనము, వేగిస ఏకగోత్రజముల వంటివి. రెండింటి బెరడునుండియు ఎర్రని జిగురు స్రవించును. రక్తచందనపు చేవ నీట మునుగును. మునిగినదెల్ల రక్తచందనము కాదు; చండ్రచేవయు మిగుల బరువైనదే. రక్తచందనపు పొడి ఆల్కహాలునకు ఎర్రరంగు నిచ్చును, చన్నీటికి అంతగా నీయదు. వేగిస పొడి నానిన నీరు వెలుతురున నీలపు మెరుపు చూపును. ఉస్మానియా విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతులైన ఆచార్యుడొకరు మా యెదుటనే ఆ తుండుపొడిని నీట నానబెట్టిరి. నీలపు మెరుపు తోచినది. అది వేగిస!

ఇది అర్చనకు మాత్రమే సంబంధించిన మాట కాదు. రక్తచందనము శేషాచలము, వెలికొండ, పాలకొండ మొదలగు మన కొండలయందే స్వయముగా పెరుగు వృక్షము. దొంగనరుకుడువలన క్షీణించుచున్నందున, 1995 నుండి అంతర్జాతీయ ఒప్పందము దాని వ్యాపారమును కట్టడి చేయుచున్నది. మొద్దునకు తప్పుపేరు పెట్టినచో నిరపరాధికి చెర, దొంగకు విడుదల ప్రాప్తించును. కావున అటవీశాఖ అనుమతిపత్రము లేని రక్తచందనమును, అది స్వామిసేవకే యైనను, కొనవలదు.

మేము ఆ భక్తుని పిలిపించి మా తప్పు నొప్పుకొంటిమి. అతడు నవ్వి, "ఇన్నాళ్లును వేగిసనే అరగదీసితిని, సూర్యభగవానుడు కోపింపలేదు స్వామీ" అనెను. స్వామి క్షమించును. అయినను తెలియనిదానిని తెలియదనుట పెద్దలకు ధర్మము. ఆనాడు మేము తప్పినది అచ్చటనే.

స్వస్తి.