పట్టనివాళ్ళ మీద అసూయ

బ్రాంప్టన్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల నాకొక మిత్రుడున్నాడు. పాలకొల్లు దగ్గర పల్లెటూరి మనిషి. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, ఆయన నన్ను బావగారూ అంటాడు. అంతకు మించి చుట్టరికం లేదు. ఆయన పేపరు చదవడు, టీవీలో వార్తలు పెట్టడు. పెరట్లో గోంగూర, గరాజ్‌లో పాత ఘంటసాల కేసెట్లు, చలికాలంలో మంచు తవ్వుకునే పార, ఇవీ ఆయన లోకం. 2025 మార్చిలో కెనడా ప్రధానమంత్రి మారిన సంగతి ఆయనకి మే నెలలో తెలిసింది, అదీ క్షవరం చేయించుకునే చోట. "అలాగా! పాతాయన బాగానే ఉన్నాడా?" అని అడిగాట్ట.

ఈ మనిషిని చూస్తే నాకు పాతికేళ్ళుగా కుళ్ళు. మొహమాటం లేకుండానే ఒప్పుకుంటున్నాను. ఆయన పడుకున్న పది నిమిషాల్లో గుర్రు పెడతాడు. నేను రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ వేసవిలో పొద్దున్న ఏడు గంటలకి, ఆంధ్రాలో ఏం కొంప మునిగిందో చూసుకుని గాని పడుకోను. చూశాక నిద్ర పట్టదు.

2014 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తు. బయట మోకాలెత్తు మంచు. నాలుగున్నరకి లేచి, దుప్పటి కప్పుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఢిల్లీలో లోక్‌సభ రాష్ట్ర విభజన బిల్లు మీద ఓటు వేస్తోంది. అంతకు అయిదు రోజుల ముందే సభలో మిరియాల స్ప్రే కొట్టారు, అది కూడా చూశాను. ఈసారి మాత్రం సరిగ్గా అసలు సమయానికి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఖాళీ తెర ముందు, పదకొండు వేల కిలోమీటర్ల దూరాన, నేనొక్కణ్ణీ. ఆ ఏడాది వరంగల్లు వాడయిన నా ప్రాణమిత్రుడికీ నాకూ మాటలు పోయాయి. ఇద్దరం కెనడా పౌరులం, ఇద్దరికీ అక్కడ ఓటు లేదు. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాలకొల్లు ఆయనింట్లో ఆ సంక్రాంతికీ, ఆ ఉగాదికీ, మా ఇద్దరి కుటుంబాలూ వేరువేరు వేళల్లో భోంచేసి వెళ్ళాయి. ఇద్దరం ఎందుకు కలిసి రాలేదో ఆయనకి అర్థం కాలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

మనకి ఈ జబ్బు ఎప్పుడు పట్టుకుంది అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. వార్తల కోసం పొద్దున్నే గుమ్మంలో కాచుకునే అలవాటు తెలుగువాడికి పుట్టుకతో వచ్చింది కాదు. దానికి నూటపాతికేళ్ళ వయసు కూడా ఉండదేమో. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో, యూరపులో యుద్ధం వచ్చిన ఏడు, అది మద్రాసుకు చేరి దినపత్రిక అయింది. పంతులుగారి డబ్బంతా అమృతాంజనం మీద వచ్చిందని అందరికీ తెలిసిందే. తలనొప్పి మందు అమ్మినాయనే రోజూ పొద్దున్నే తలనొప్పిని కూడా ఇంటికి పంపించారని మా నాన్నగారు హాస్యమాడేవారు.

హాస్యానికేం గాని, ఆ రోజుల్లో పత్రిక చదవడం కాలక్షేపం కాదు, వ్రతం. 1914లోనే బెజవాడలో గ్రంథాలయాలవాళ్ళంతా సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక తెచ్చారు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చదువు రానివాళ్ళకి అరుగుమీద కూర్చోబెట్టి పత్రిక చదివి వినిపించేవారు. రాజకీయం పట్టనివాణ్ణి పట్టించుకునేవాడిగా మార్చడమే దేశసేవ అనుకున్న తరం అది. వాళ్ళు నాటిన విత్తనమే నా దుప్పటీ, నా నాలుగున్నర గంటలూ.

అంతకు ముందు మన పెద్దల మెప్పు రెండో వైపే ఉండేది. పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదన్న కథను మనం ఎంత మురిసిపోతూ చెప్పుకుంటాం! ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజుల్నీ రాజసేవనీ చీదరించుకున్నంతగా ఎవరూ చీదరించుకోలేదు. ఆస్థానం రుచి తెలిసినవాడికి గాని అంత అసహ్యం పుట్టదని నా అనుమానం. ధూర్జటిది విరాగం మాత్రమే కాదు, కొంత నాబోటి అసూయ కూడాను. గ్రీకులు దీనికి పూర్తిగా విరుద్ధం. ఏథెన్సులో ఊరి వ్యవహారం పట్టించుకోకుండా సొంత పని చూసుకునేవాణ్ణి ఇడియోటెస్ అనేవారు. ఇంగ్లీషు తిట్టు ఇడియట్‌కి మూలం అదే. సభకి రాకుండా బజార్లో తిరిగేవాళ్ళని ఎర్ర రంగులో ముంచిన తాడు పట్టుకుని తోలుకొచ్చేవారని అరిస్టోఫనీస్ నాటకంలో ఉంది. బట్టమీద రంగు అంటిందంటే వాడు బద్ధకస్తుడని లెక్క.

ఆ తాడు పట్టుకుని బ్రాంప్టన్ బజార్లో తిరిగితే ఊళ్ళో సగం బట్టలు పాడవుతాయి. 2022 మునిసిపల్ ఎన్నికల్లో మా ఊళ్ళో ఓటేసినవాళ్ళు నూటికి పాతికమంది కూడా లేరు. పాపం, పూర్తిగా వాళ్ళ తప్పూ కాదు. ఆ పోలింగు అక్టోబరు 24న, అంటే సరిగ్గా దీపావళినాడు వచ్చింది! దక్షిణాసియావాళ్ళు ఇంతమంది ఉన్న ఊళ్ళో. నేను తలంటుకుని, నువ్వులనూనె వాసనతోనే వెళ్ళి ఓటేశాను. క్యూ అంటూ ఏమీ లేదు. వస్తూ దారిలో పాలకొల్లు ఆయన కనిపించి, కాకరపువ్వొత్తులు ఏ కొట్లో దొరుకుతున్నాయని అడిగాడు.

మా ఊరి నీళ్ళలోనే ఏదో ఉందని కూడా అనుకుంటాను. 1971 నుంచి 1985 దాకా ఒంటారియో ప్రీమియరుగా ఉన్న బిల్ డేవిస్ బ్రాంప్టన్ మనిషే, 2021లో ఇక్కడే పోయాడు. చప్పగా ఉండటమే రాజకీయంలో పనికొస్తుందని ఆయన ఉద్దేశం, ఆ మాట పైకే అన్నాడు. ఉప్పూకారం లేని రాజకీయంతో పద్నాలుగేళ్ళు ఏలాడు. ఆయన హయాంలోనే 1974లో చుట్టుపక్కల చింగూజీలాంటి టౌన్‌షిప్పులు కలిసి బ్రాంప్టన్ సిటీ అయింది, పీల్ రీజియన్ ఏర్పడింది. 2023 మేలో ఆ పీల్ రీజియన్‌ను రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రాపర్టీ టాక్స్ ఏమవుతుందో, నీళ్ళ గొట్టాలు ఎవరివో, పోలీసుల్ని ఎలా పంచుకుంటారో అని నేను ఆర్నెల్లు చదవని కాగితం లేదు. మళ్ళీ ఇంకో విభజన! డిసెంబరులో ఆ ప్రయత్నం మానుకుంటున్నాం అన్నారు. మా మిత్రుడికి పీల్ రీజియన్‌లో ఉన్నట్టే తెలియదు గనక అది పోబోయిందనీ తెలియదు, మిగిలిందనీ తెలియదు. ఆ ఆర్నెల్లూ నాకు తిరిగి ఎవరిస్తారు?

ఇంతవరకూ లెక్క ఆయన వైపే తేలుతోంది. కాని బర్మా సంగతి జ్ఞాపకం వస్తే నాకు మనసు స్థిమితంగా ఉండదు.

ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ పాతకాలపు మనుషులకి రంగూను అంటే తెలియదు, "రంగం" అంటే తెలుస్తుంది. కాకినాడ దగ్గర కోరంగి రేవునుంచి ఓడలెక్కి వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో కోరంగీలు అనేవారు, రానురాను అది తిట్టుమాటగా మారింది. 1931 జనాభా లెక్కల్లో రంగూను పట్నంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో, రిక్షాలు లాగినవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని ఓడెక్కడం, ఆ అప్పు తీరేదాకా బస్తా మోయడం, నాలుగు డబ్బులు మిగిలితే ఇంటికి పంపడం. వాళ్ళకి బర్మా రాజకీయం అక్కర్లేదు. ఎవరి దేశమో, ఎవరి భూమి పోతోందో, ఎవరు ఎవరిమీద కోపంగా ఉన్నారో కనుక్కునే తీరికా లేదు. మనం ఇక్కడ వీకెండు గోంగూర పచ్చడి చేసుకున్నంత అమాయకంగా వాళ్ళు అక్కడ సత్తెమ్మ జాతర చేసుకుని ఉంటారు.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని తెచ్చుకున్నాయి. సమ్మె తీరి పాత కూలీలు తిరిగి పనిలోకి రాగానే, బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న రేవులో మాటా మాటా పెరిగి కొట్లాట మొదలై పట్నమంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, అత్యధికులు మనవాళ్ళు. చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ బస్తా మోసుకునేవాళ్ళే. 1937లో బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి.

ఇక్కడే నా వాదం నాకే ఎదురు తిరుగుతుంది. వార్తలు తెలియక మనవాళ్ళు నాశనమయ్యారు అని రాసుకుందామని మొదలుపెట్టి చదివితే, కథ అలా లేదు. బాంబులు పడగానే వేలమంది కూలీలు ఏ వార్తా వినకుండా, ఎవర్నీ అడగకుండా, మూట నెత్తిన పెట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. రేవులో పని ఆగిపోతుందని అధికారులు వాళ్ళకి ధైర్యం చెప్పి, భయం లేదు రండని చాలామందిని వెనక్కి తెచ్చారు. ఆ మాట విని తిరిగొచ్చినవాళ్ళే తర్వాత ఎక్కువ ఇరుక్కున్నారు. 1942 మార్చి మొదట్లో రంగూను పడిపోయింది. డబ్బున్నవాడికి ఓడ టిక్కెట్టు, లేనివాడికి అరకాను కొండలో మణిపూరు అడవో. నాలుగైదు లక్షలమంది భారతీయులు ఆ దేశం వదిలారని అంచనా. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగ్గా రాయలేదు. అటువైపు కొందరు ఇంకా నడుస్తుండగానే, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి. ఎక్కడికి పారిపోయి వస్తున్నారో ఆ ఊళ్ళ మీదే.

వినకుండా పరుగెత్తినవాడు బతికాడు, నమ్మకంగా విన్నవాడు చచ్చాడు. అలాగని 1930కీ 1941కీ మధ్య పదకొండేళ్ళలో ఆ పట్నం తమని ఎలా చూస్తోందో గమనించి, వేళకి ఇంటికి చేరుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పేపరు చూశారో, పక్కవాడి మొహం చూశారో!

కెనడాలో మన చరిత్ర చిన్నదే, అందులో తెలుగువాళ్ళ వంతు ఇంకా చిన్నది. 1907లో బ్రిటిష్ కొలంబియాలో భారతీయుల ఓటు హక్కు తీసేశారు, అది 1947లో గాని తిరిగి రాలేదు. నలభయ్యేళ్ళు దానికోసం తిరిగిన సిక్కు పెద్దల్లో చాలామంది కలప మిల్లుల్లో దుంగలు మోసినవాళ్ళు. వాళ్ళు తెచ్చిపెట్టిన ఓటు దీపావళినాడు కాకరపువ్వొత్తుల కోసం తిరుగుతోందని ఎద్దేవా చేద్దామనుకున్నాను గాని, చెయ్యలేను. కారణం ఉంది.

2018 అక్టోబరు 22న మా ఊరి మునిసిపల్ ఎన్నికలయ్యాయి. మర్నాడే, టొరంటోలోని ఒక యూనివర్సిటీ బ్రాంప్టన్‌లో పెట్టదలచిన క్యాంపస్‌కి ఇస్తామన్న డబ్బు రద్దయిందని వార్త. నేను ఆ సాయంత్రమే చదివాను. కోపం వచ్చింది. మా ఆవిడతో అరగంట మాట్లాడాను. మా మిత్రుడి కూతురు తర్వాత నాలుగేళ్ళు చీకటితో లేచి గో ట్రైనులో టొరంటో వెళ్ళి చదువుకుంది. చలికాలంలో ఆ పిల్లని స్టేషను దగ్గర దించడానికి ఆయన రోజూ అయిదున్నరకి కారు మీద మంచు గీకేవాడు.

ఈమధ్య ఒకరోజు పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతుంటే ఆ సంగతి చెప్పాను. ఆ చదువు ఇక్కడే పెడతారని నమ్మకమేమీ లేదు గాని, క్యాంపస్ అంటూ మన ఊళ్ళోనే వచ్చి ఉండేది, ఆపేశారు, అన్నాను. ఆయన పురికొస ముడి వేసేదాకా మాట్లాడలేదు.

"మీకప్పుడే తెలుసా బావగారూ?"

"ఆ రోజే తెలుసు."

"మరి మీరేం చేశారు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను రెండో కర్ర అందించాను. ఆయన దాన్ని మట్టిలోకి దిగ్గొట్టి, లోపలికి కేకేసి, బావగారికి కూడా కాఫీ పెట్టమన్నాడు.