మరా, మరమేకూ

తాతగారు పొలం రాసిచ్చారంటే దస్తావేజు ఉంటుంది. బంగారం ఇచ్చారంటే తూకం ఉంటుంది. మర ఇచ్చారంటే? దస్తావేజు ఉండదు. తూకానికి పెడదామా అంటే పాత ఇనుము ధరే పలుకుతుంది. అయినా అమెరికాలో చాలా ఇళ్ళలో, కారుషెడ్డులో ఓ మూల, దుమ్ము కప్పుకుని, అలాంటి మర ఒకటి మనవడి కోసం కాచుకుని ఉంటుంది. దాని పేరు షాప్‌స్మిత్. కొయ్యపని సరదా ఉన్నవాళ్ళు చెప్పుకునే మరల్లో దానికున్నంత కథ మరోదానికి లేదేమో!

కనిపెట్టినవాడు హాన్స్ గోల్డ్‌ష్మిట్. జర్మనీ నుంచి వలస వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడ్డవాడు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. ఎటు చూసినా కొత్త కాపురాలు, చిన్న ఇళ్ళు. కొయ్యపని మీద మోజున్న ఓ గుమాస్తా రంపం మర, బరమా, తరిమెన విడివిడిగా కొనాలంటే డబ్బూ చాలదు, చోటూ చాలదు. గోల్డ్‌ష్మిట్ ఏం గమనించాడంటే, వీటన్నిటిలోనూ జరిగే పని ఒక్కటే - తిరగడం! మరి తిప్పే మోటారు ఒక్కటుంటే చాలదూ?

రెండు ఉక్కు గొట్టాల మీద అటూ ఇటూ జరిగేలా ఆ మోటారును అమర్చాడు. పళ్ళచక్రం తగిలిస్తే రంపం. కొయ్యను రెండు కొసలా పట్టించి తిప్పితే తరిమెన. గరుకు కాయితం అంటించిన పళ్ళెం బిగిస్తే నునుపు చేసే మర. ముల్లు బిగిస్తే అడ్డంగా బెజ్జం వేసే బరమా. గొట్టాలను నిట్టనిలువుగా లేపితే నిలువు బరమా. అయిదుగురు పనివాళ్ళకి ఒకటే జీతమన్నమాట! 1947లో ఇది బజారుకొచ్చింది. మాంట్‌గొమరీ వార్డ్ దుకాణాల్లో జనం ఎదుట నడిపి చూపించి మరీ అమ్మారు. తరవాత 1953లో 'మార్క్ 5' వచ్చింది. ఆ మరుసటేడు ఆగస్టులో 'టైమ్' పత్రిక, ఎవరి పని వాళ్ళే చేసుకునే ఈ సరదాను ముఖచిత్రానికెక్కించింది.

ఇక్కడిదాకా అంతా పండగే. 1955 క్రిస్మస్‌కి కాలిఫోర్నియాలో ఓ ఇల్లాలు భర్తకి ఈ మరను కానుకగా ఇచ్చింది. రెండేళ్ళకి ఆయన తరిమెన పనికి కావలసిన భాగాలు కొని, ఓ పెద్ద కొయ్యదుంగను పాత్రగా తొలచడం మొదలుపెట్టాడు. కొన్నిసార్లు పని బాగానే సాగింది. ఓ రోజు ఆ దుంగ ఉన్నట్టుండి మరలోంచి ఎగిరివచ్చి నుదుటికి తగిలింది. పాపం, గట్టి దెబ్బే.

కారణం ఏమిటంటారా? మరమేకులు! భాగాలను పట్టి ఉంచవలసిన మరమేకులు చాలినంత గట్టివి కావనీ, మామూలు అదురుకే వదులై కొయ్య పట్టు తప్పిందనీ నిపుణులు సాక్ష్యం చెప్పారు. తయారుచేసిన కంపెనీ 65,000 డాలర్లు ఇచ్చుకోవాలని జ్యూరీ తేల్చింది. కంపెనీ పై కోర్టుకెళ్ళింది. మర కొన్నది భార్య, దెబ్బ తిన్నది భర్త. పైగా ఫిర్యాదు పదినెలలు దాటాక వచ్చింది. అయినా 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో జస్టిస్ రోజర్ ట్రేనర్ ఆ పరిహారాన్ని ఖాయం చేశారు. కొన్నవాడు లోపాలు వెతుక్కోకుండానే వాడతాడని తెలిసి వస్తువును బజారులో పెట్టావు. ఆ లోపం మనిషిని గాయపరిస్తే బాధ్యత నీదే - ఇదీ తీర్పు సారాంశం. గ్రీన్‌మన్ కేసుగా లా విద్యార్థులు ఇవాళ్టికీ చదివే తీర్పు ఇదే. మరమేకు ఎంతటిదో చూశారా!

1960లు ముగిసేలోపే ఈ మరల తయారీ ఆగిపోయింది. అప్పటికే కొన్నవాళ్ళ గతేమిటి? ఒహైయో రాష్ట్రంలోని డేటన్ ఊళ్ళో షేర్ల వ్యాపారం చేసే జాన్ ఫోకర్త్ తన మర కోసం ఓ విడిభాగం వెతికాడు. తయారుచేసేవాళ్ళే లేరని తెలిసింది. ఇంకొకరైతే మరను పాత సామాన్లవాడికి వేసేవారు. ఆయన ఏకంగా తయారీ సరంజామానే కొనేసి, 1972లో షాప్‌స్మిత్ కంపెనీని మళ్ళీ నిలబెట్టాడు! గుర్రపునాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథ విన్నాం గాని, నాడా దొరకలేదని గుర్రపుశాలే కొన్నవాణ్ణి విన్నామా?

సరే, ఇప్పుడు ఆ మర మనవడి చేతికొచ్చింది. ముందు మీట నొక్కి చూద్దామనిపిస్తుంది. అది మాత్రం చేయకూడదు సుమండీ! మొదట కరెంటు తీగ చూడాలి. ఆ కాలపు రబ్బరు తొడుగు ఎండి పెళుసుబారి ఉంటుంది. ఎర్తు తీగ అసలు ఉండకపోవచ్చు. రెండూ కొత్తవి వేయించాలి. ఏళ్ళ తరబడి ఒకే వంపులో ఉన్న బెల్టు ఆ వంపు మరిచిపోదు, తిరిగినప్పుడల్లా దడదడమంటుంది. దాన్నీ మార్చాలి. గొట్టాల తుప్పు రుద్ది మైనం పట్టించాలి. నూనె రాస్తే రంపపు పొట్టు అంటుకుంటుంది, కొయ్యకి మరకలూ పడతాయి. మార్క్ 5లో వేగం మార్చే చక్రం ఉంటుంది. దాన్ని మోటారు తిరుగుతుండగానే తిప్పాలి. ఆగి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే లోపలి సరంజామా పాడవుతుంది. రంపం మీది రక్షణ కవచం ఏ అటక మీదో ఉంటుంది. అది దొరికి బిగించేదాకా రంపం జోలికి పోరాదు. చివరగా, మరమేకులన్నీ ఒక్కొక్కటే బిగించి చూసుకోవాలి.

కోర్టు చెప్పింది తయారీదారు సంగతి. డెబ్భై ఏళ్ళు అదిరి అదిరి వదులైన మరమేకుకి జవాబుదారీ ఎవరు? ఇవాళ దాని ముందు నిలబడ్డవాడే. వేళ్ళు తనవి, నుదురు తనది.

దసరాకి మన వడ్రంగులు పనిముట్లకి బొట్టుపెట్టి పూజ చేస్తారు. బొట్టు పెట్టాలంటే ముందు ఆ తుప్పూ దుమ్మూ వదిలించాలి కదా! ఆ శుభ్రం చేయడంలోనే సగం పూజ అయిపోతుంది. అంచేత, ఇంట్లో మర ఉన్న తాతగార్లకు ఒక్క మనవి. మరను మనవడికి ఇచ్చి ఊరుకోకండి. మరమేకులు బిగించే ఆ చిన్న కీ కూడా చేతికిచ్చి, ఏది ఎంత బిగించాలో ఓ పూట కూర్చుని చూపించండి. ఆ పూటే అసలు ఆస్తి!