మన కారా, బయటి కారా? అంబాసిడర్ నుంచి పెనుకొండ దాకా

మన ఇళ్లలో ఇల్లు, పెళ్లి తర్వాత పెద్ద ఖర్చు ఏదంటే కారే. ఐదేళ్లో ఏడేళ్లో ఈఎంఐ కట్టాలి. అందుకే కారు మాట ఎత్తగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "మన దేశం కంపెనీ ఉండగా బయటివాడికి డబ్బులెందుకు?" అని ఒకరు. "జపాన్ ఇంజిన్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు" అని ఇంకొకరు. ఈ గొడవ ఇవాళ్టిది కాదు, 70 ఏళ్ల నాటిది. ఆ కథ మొత్తం తెలిస్తే అసలు ప్రశ్నే మారిపోతుంది.

1920లలో మన దేశంలో కార్లు తయారయ్యేవి కావు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి కంపెనీలు విడిభాగాలు ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఈ పని మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం లెక్క మార్చింది. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతి ఆపేశారు. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే అంచెలంచెలుగా తయారీ చేసేవాళ్లే ఉండాలి, ఊరికే బిగించి అమ్మేవాళ్లు వద్దు అంది. ఆ రెండు కంపెనీలూ సర్దుకుని వెళ్లిపోయాయి. ఈ వెళ్లిపోవడం అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

మిగిలింది ప్రధానంగా ముగ్గురు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. అన్నీ స్వదేశీ కంపెనీలే. మరి కార్లు? అంబాసిడర్ అంటే ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పద్మిని అంటే ఇటలీ వాళ్ల ఫియట్ 1100. హెరాల్డ్ కూడా ఇంగ్లండ్ కంపెనీ కారే. అంటే "మన కారు" అని మనం గుండెల్లో పెట్టుకున్న అంబాసిడర్ పుట్టుకతో మనది కాదు, పెంపకంతో మనది.

మరి అది నమ్మకమైన బండేనా? ఇక్కడ నా పాత ఉద్యోగం నుంచి ఒక లెక్క చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక సిస్టం ఎంత గట్టిదో చూడాలంటే రెండు అంకెలు విడివిడిగా చూస్తాం. ఒకటి, అది ఎన్నాళ్లకోసారి పడిపోతుంది. రెండోది, పడిపోతే మళ్లీ లేవడానికి ఎంతసేపు పడుతుంది. అంబాసిడర్ మొదటి లెక్కలో సున్నా. చలికాలం పొద్దున్నే నలుగురూ దిగి తోయాల్సిందే. రెండో లెక్కలో మాత్రం దానికి నూటికి నూరు. ఏ ఊళ్లో ఆగినా చెట్టు కింద మెకానిక్ ఒక స్పానర్, ఒక వైరు ముక్కతో నడిపించేసేవాడు. అందుకే పెద్దవాళ్లు ఆ కారుని తిడుతూనే మెచ్చుకుంటారు. వాళ్లు ఒక్కో మాటా ఒక్కో అంకె గురించి అంటున్నారు, అంతే.

సమస్య ఎక్కడొచ్చింది? పోటీ లేకపోవడం దగ్గర. ఎన్ని కార్లు తయారుచేయాలో లైసెన్స్ చెబుతుంది. కొనేవాడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తాడు. ఎదురుచూసేవాడు ఉన్నంతకాలం మార్చాల్సిన అవసరం కంపెనీకి ఏముంటుంది? 1957లో మొదలైన అంబాసిడర్, పైపై మార్పులు, కొత్త ఇంజిన్లు వచ్చినా, దాదాపు అదే ఆకారంలో 2014 దాకా నడిచింది.

ఇక మారుతి. 1981లో పుట్టింది, ప్రభుత్వ కంపెనీ. 1982లో సుజుకితో ఒప్పందం. మొదట్లో సుజుకి వాటా 26 శాతం. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది! ఇవాళ నవ్వొస్తుంది కానీ, అప్పట్లో అదే పెద్ద వార్త.

చాలామంది "జపాన్ టెక్నాలజీ వచ్చింది, బాగుపడ్డాం" అని ఇక్కడే కథ ఆపేస్తారు. ఆపకూడదు. జపాన్ నుంచి విడిభాగాలు తెచ్చి బిగిస్తే అది 1928 బొంబాయి కథే కదా? 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగింది. దిగుమతి భాగాల ఖర్చు పెరిగింది. దాంతో ఇక్కడే భాగాలు తయారుచేయించడం ఇంకా తొందరైంది. గుర్గావ్ చుట్టుపక్కల సీట్లు, లైట్లు, స్టీరింగ్‌లు చేసే కంపెనీలు లేచాయి. అసలు మలుపు అదీ. కారుకి నమ్మకం వచ్చేది జెండా వల్ల కాదు, దానికి భాగాలు చేసిచ్చే వందల చిన్న ఫ్యాక్టరీల వల్ల. తర్వాత సుజుకి వాటా 1992లో 50 శాతానికి చేరింది, 2002లో సగం దాటింది. 2007లో ప్రభుత్వం పూర్తిగా బయటికొచ్చేసింది. మరి మారుతి ఏ రోజు విదేశీ కారు అయింది? మన వీధిలో ఎవరైనా గమనించారా?

దీనికి ఎదురు కథ టాటా ఇండికా. 1998 చివర్లో వచ్చింది, దేశీయ కారు అని గర్వంగా. లక్షకు పైగా బుకింగ్‌లు. స్టైలింగ్‌లో ఇటలీ సంస్థ సాయం ఉంది, పుణె ఫ్యాక్టరీ కోసం ఆస్ట్రేలియాలో మూతపడ్డ నిస్సాన్ ప్లాంటు యంత్రాలు తెచ్చారు. అయినా దీన్ని కన్నది మనవాళ్లే. మొదటి బళ్ల మీద ఫిర్యాదులు బాగా వచ్చాయి. కంపెనీ సరిచేసి 2001లో వీ2 తెచ్చింది. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల క్యాబుల్లో తిరిగినవాళ్లకి ఆ ఇండికా బాగా గుర్తుండాలి.

ఇక్కడ స్వదేశీ పార్టీ వాదనకి న్యాయం చేయాలి. ఇండికా కొన్నవాళ్లు లేకపోతే కారు మొత్తాన్ని గీసి, పరీక్షించి, సరిదిద్దే ఇంజినీర్లు ఇక్కడ తయారయ్యేవాళ్లు కాదు. ఆ నేర్పే 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు తెచ్చుకున్న నెక్సాన్ దాకా వచ్చింది. కానీ ఆ నేర్చుకునే ఖర్చు ఎవరు భరించారు? మొదటి బ్యాచ్ కొన్నవాళ్లు, బండే జీవనాధారమైన డ్రైవర్లు. దేశభక్తికి బిల్లు వాళ్ల పేరు మీద వచ్చింది. అది మర్చిపోకూడదు.

విదేశీ బ్రాండ్ అంటే భద్రం అనుకోవడానికీ లేదు. 2014లో అదే సంస్థ ఇక్కడ అమ్మే చిన్న కార్ల బేసిక్ మోడళ్లను గుద్ది చూస్తే మారుతి, టాటాతో పాటు హ్యుందాయ్, ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ కార్లకీ సున్నా స్టార్లే వచ్చాయి. అడగకపోతే ఎవడూ ఇవ్వడు, ఏ దేశం వాడైనా.

ఇప్పుడు ఆ వెళ్లిపోవడం దగ్గరికి వద్దాం. దేవూ 1990లలో సియెలో, మాటిజ్‌లతో వచ్చింది, కొరియాలో మాతృసంస్థ కూలిపోయింది, ఇక్కడ కొన్నవాళ్లు స్పేర్ పార్టుల కోసం తిరిగారు. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నామంది. సర్వీసు కొనసాగిస్తాం అన్నారు, కానీ కట్టాల్సిన ఈఎంఐలు ఇంకా మిగిలి ఉన్న ఇంట్లో ఆ వార్త ఎలా ఉంటుందో ఊహించండి. కారు చెడిపోలేదు. కంపెనీ చెడిపోయింది. కాబట్టి నా రెండు అంకెలకి మూడోది కలపాలి: అమ్మినవాడు పదేళ్ల తర్వాత ఉంటాడా?

మన పెనుకొండనే చూడండి. 2019లో అక్కడి నుంచి కియా సెల్టోస్ రోడ్డెక్కింది. పేరు కొరియాది, చేసే చేతుల్లో మన రాయలసీమ పిల్లలవీ ఉన్నాయి. మరోవైపు 2008 నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్ యజమాని టాటా, తయారీ ఎక్కువగా ఇంగ్లండ్‌లో. వీటిలో ఏది స్వదేశీ? జవాబు మీరేం లెక్కపెడతారో దాన్ని బట్టి: లాభమా, జీతాలా, డిజైన్ తెలివా.

అందుకే షోరూంకి వెళ్లేముందు జెండా పక్కనపెట్టి నాలుగు విషయాలు కనుక్కోండి. ఆ ఇంజిన్ మార్కెట్‌లో ఎన్నేళ్లుగా ఉంది? 50 వేల కిలోమీటర్లు తిప్పినవాళ్లు ఏమంటున్నారు? మీ ఊరికి సర్వీస్ సెంటర్ ఎంత దూరం? బయటి మెకానిక్‌కి ఆ బండి భాగాలు దొరుకుతాయా? కొత్త మోడల్ మీద మనసు పడితే మొదటి ఏడాది ఆగండి, తప్పులు సర్దుకోనివ్వండి. ఈ నాలుగిట్లో నెగ్గింది మన కంపెనీ అయితే సంతోషంగా కొనండి, కాకపోయినా తల దించుకోవాల్సిన పనేం లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సీటు బెల్టు పెట్టుకోండి, వెనక కూర్చున్నవాళ్లు కూడా.