ఉచితంగా దొరికేదానికి ఐరోపా ఎందుకు ఖర్చు పెట్టింది?

పొరుగింటి బావిలో నీళ్లు పుష్కలంగా ఉన్నాయి. ఎవరైనా తోడుకోవచ్చు, పైసా ఇవ్వనక్కరలేదు. అలాంటప్పుడు మీ ఇంట్లోవాళ్లు బోలెడు డబ్బు పోసి పెరట్లో మరో బావి తవ్విస్తామంటే మీరేమంటారు? "ఎందుకీ దండగ?" అనే అంటారు కదూ! సరిగ్గా ఇలాంటి ప్రశ్నే 1990ల చివర ఐరోపా దేశాల ముందుకు వచ్చింది. దారి చూపే ఉపగ్రహాలు అమెరికాకు అప్పటికే ఉన్నాయి. వాటి సేవ ప్రపంచమంతటికీ ఉచితం. అయినా ఐరోపా దేశాలు వందల కోట్ల యూరోల ప్రజాధనంతో 'గెలీలియో' అనే సొంత వ్యవస్థను నిర్మించుకున్నాయి. భూమిని నిత్యం పరిశీలించే 'కోపర్నికస్' అనే మరో పథకాన్నీ చేపట్టాయి. ఆ ఖర్చు దండగో కాదో ఈ కథ చదివి మీరే తేల్చండి.

ఉపగ్రహం దారి ఎలా చెబుతుంది?

కథలోకి వెళ్లేముందు అసలు సూత్రాన్ని తెలుసుకుందాం. దారి చూపే ప్రతి ఉపగ్రహమూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని రేడియో తరంగాల ద్వారా ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. మీ చేతిలోని గ్రాహకం ఆ కబురు తనను చేరడానికి ఎంత సేపు పట్టిందో చూస్తుంది. రేడియో తరంగాల వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. పట్టిన కాలాన్ని ఈ వేగంతో హెచ్చవేస్తే ఉపగ్రహం ఎంత దూరాన ఉందో తెలిసిపోతుంది.

మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మీరున్న చోటు తేలిపోవాలి. కానీ ఇక్కడొక చిక్కుంది. మీ ఫోనులోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు. దాని తప్పు కూడా మనం కనిపెట్టవలసిన రాశే. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలని మీరు బీజగణితంలో నేర్చుకున్నారు. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి.

సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల పొరపాటు వస్తుంది. అందువల్ల ఈ ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలను అమరుస్తారు. గెలీలియో ఉపగ్రహం ఒక్కొక్కదానిలో నాలుగు ఉంటాయి. రెండు హైడ్రోజన్‌తో, రెండు రుబీడియంతో పనిచేస్తాయి. ఒక్కమాటలో చెప్పాలంటే ఈ ఉపగ్రహాలు మనకు పంచేది సమయం. అందుకే విమానాలు, ఓడలే కాదు, టెలిఫోన్ వ్యవస్థలు, విద్యుత్ సరఫరా జాలాలు, బ్యాంకులు కూడా వాటి మీద ఆధారపడుతున్నాయి.

తాళంచెవి ఎవరి చేతిలో?

అమెరికా జీపీఎస్ పుట్టింది సైన్యం కోసం. మొదటి ఉపగ్రహం 1978లో కక్ష్యలోకి వెళ్లింది. 1983 సెప్టెంబరు 1న దారితప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చివేసింది. అందులోని 269 మందీ మరణించారు. ఈ ఘోరం తర్వాత, పూర్తయ్యాక జీపీఎస్‌ను పౌర విమానాలకు కూడా అందుబాటులో ఉంచుతామని అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ప్రకటించాడు. 1995 నాటికి ఆ వ్యవస్థ సంపూర్ణంగా పనిచేయసాగింది.

అయితే పౌరులకిచ్చే సంకేతంలో అమెరికా సైన్యం కావాలనే కొంత తప్పు కలిపేది. అందువల్ల మీరున్న చోటు ఏకంగా 100 మీటర్ల వరకు అటూ ఇటూగా కనిపించేది. 2000 మే నెలలో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఈ కల్తీ ఆగిపోయింది. గ్రాహకాల ఖచ్చితత్వం రాత్రికి రాత్రే ఎన్నో రెట్లు పెరిగింది. అందరూ సంతోషించారు. కానీ ఆలోచించేవారికి ఇందులో మరో అర్థం కూడా తోచింది. ఒక్క ఆదేశంతో బాగుపడినది, ఒక్క ఆదేశంతో చెడిపోనూ వచ్చు! అప్పటికున్న రెండో వ్యవస్థ, రష్యావారి గ్లోనాస్, అదీ సైన్యానిదే. విమానాలు, ఓడరేవులు, కరెంటు అన్నీ ఆధారపడిన ఒక సేవ తాళంచెవి పరాయి దేశపు సైన్యం చేతిలో ఉండవచ్చునా అన్నదే ఐరోపాను వేధించిన ప్రశ్న.

మొదటి మెట్టుగా ఐరోపా జీపీఎస్ సంకేతాల తప్పులను సరిదిద్ది చెప్పే 'ఎగ్నాస్' అనే సహాయక వ్యవస్థను రూపొందించింది. 2009లో అందరికీ, 2011లో విమానాల భద్రతకు దాని సేవలు మొదలయ్యాయి. మన దేశంలో 'గగన్' చేసే పని ఇలాంటిదే. కానీ అదీ జీపీఎస్ మీద ఆధారపడినదే కదా! పౌరుల అదుపులో ఉండే సంపూర్ణ వ్యవస్థ కావాలన్న ప్రతిపాదన 1999లో రూపుదిద్దుకుంది. దానికి గెలీలియో పేరు ఊరికే పెట్టలేదు. బృహస్పతి చుట్టూ తిరిగే చంద్రుల గ్రహణాలను గడియారంగా వాడుకుని నావికులు రేఖాంశం కనుక్కోవచ్చని ఆ శాస్త్రవేత్త 17వ శతాబ్దంలో స్పెయిన్ రాజుకు, తర్వాత డచ్చి ప్రభుత్వానికి సూచించాడు. ఆకాశంలో ఉన్న గడియారంతో భూమి మీద దారి వెతుక్కోవడం అన్నమాట.

ఈ ఆలోచన అమెరికాకు నచ్చలేదు. కొత్త సంకేతాలు తమ సైనిక సంకేతాలకు అడ్డు తగులుతాయని 2001 డిసెంబరులో ఆ దేశ రక్షణశాఖ ఉపమంత్రి పాల్ వోల్ఫోవిట్జ్ నాటో దేశాల రక్షణ మంత్రులకు లేఖ రాశాడు. అయినా 2002 మార్చిలో ఐరోపా సమాఖ్య దేశాల మంత్రులు గెలీలియోకు ఆమోదం తెలిపారు. 2004 జూన్‌లో ఇరుపక్షాల మధ్య రాజీ కుదిరింది. ఒకరి సంకేతాలు మరొకరికి అడ్డురాకుండా, ఒకే గ్రాహకం రెండింటినీ అందుకునేలా తరంగాల పంపకం జరిగింది. ఇప్పుడు మీ ఫోను రెండు వ్యవస్థలనూ కలిపి వాడుకోగలగడానికి ఆ రాజీయే మూలం.

కంపెనీలు వెనకడుగు వేశాయి

మరి డబ్బెవరు పెట్టాలి? మొదట వేసిన పథకం ఆకర్షణీయంగానే ఉంది. ఉపగ్రహాలను కక్ష్యల్లో నెలకొల్పే ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రైవేటు కంపెనీలు భరించాలి, తర్వాత సేవలు అమ్ముకుని రాబట్టుకోవాలి. పోటీపడిన రెండు బృందాలు 2005లో ఒకటయ్యాయి. కానీ బేరం తెమలలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. సముద్రతీరంలో దీపస్తంభాన్ని తలచుకోండి. దాని వెలుగు దూరాన పోయే ప్రతి ఓడకూ కనిపిస్తుంది. డబ్బు కట్టని ఓడకు కనిపించకుండా చేయలేరు. ఒక ఓడ చూసినందువల్ల మరో ఓడకు వెలుగు తగ్గదు. పైగా పక్కనే మరో స్తంభం ఉచితంగా వెలుగుతుంటే మీ దీపానికి రుసుము ఎవరు చెల్లిస్తారు? జీపీఎస్ ఉచితంగా దొరుకుతుండగా గెలీలియో సంకేతాలకు కొనుగోలుదారులు దొరుకుతారన్న ధీమా కంపెనీలకు లేకపోయింది. నష్టం వస్తే భరించేందుకూ అవి సిద్ధపడలేదు. 2007లో ఈ ఏర్పాటు కుప్పకూలింది.

అప్పుడు ఐరోపా సమాఖ్య ముందు రెండే దారులున్నాయి. పథకాన్ని వదిలేయడం, లేదా మొత్తం ఖర్చు ప్రజాధనం నుంచే భరించడం. వాదోపవాదాల తర్వాత 2007 నవంబరులో రెండో దారినే ఎంచుకున్నారు. 2013 వరకు 340 కోట్ల యూరోలు కేటాయించారు. అందులో 240 కోట్లను వ్యవసాయం వంటి పద్దుల్లో ఖర్చుకాక మిగిలిన సొమ్ము నుంచి సర్దారు. అంటే ఐరోపా రైతుకు, గుమాస్తాకు, కార్మికుడికి అందరికీ ఆ ఉపగ్రహాల్లో వాటా ఉందన్నమాట. ఆ దేశాల పిల్లలకూ చోటిచ్చారు. సభ్యదేశాల్లో జరిపిన చిత్రలేఖన పోటీల్లో గెలిచిన బాలబాలికల పేర్లే ఉపగ్రహాలకు పెట్టారు.

తప్పిన కక్ష్య, దక్కిన ఫలితం

2005 డిసెంబరు 28న తొలి ప్రయోగాత్మక ఉపగ్రహం బైకనూర్ నుంచి బయలుదేరింది. గడువులోగా సంకేతాలు పంపకపోతే ఐరోపాకు కేటాయించిన తరంగాల మీద హక్కు పోయే ప్రమాదం ఉండేది. 2011 అక్టోబరు 21న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి అసలు ఉపగ్రహాలు రెండు కక్ష్యకు చేరాయి. 2013 మార్చి 12న నాలుగు ఉపగ్రహాలతో మొదటిసారి ఒక స్థానాన్ని నిర్ణయించారు.

2014 ఆగస్టు 22న దెబ్బ తగిలింది. రాకెట్ పై అంచెలో చల్లని హీలియం గొట్టం, ఇంధనపు గొట్టం ఆనుకుని ఉండటంతో ఇంధనం గడ్డకట్టింది. ఫలితంగా రెండు ఉపగ్రహాలు 23,222 కిలోమీటర్ల ఎత్తున వృత్తాకార కక్ష్యకు బదులు కోలగా సాగిన కక్ష్యలో చిక్కుకున్నాయి. అయితే శాస్త్రజ్ఞులు ఈ నష్టంలోనూ లాభం వెతికారు. ఎత్తు మారుతుంటే గురుత్వాకర్షణ ప్రభావం మారి గడియారపు నడక మారుతుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది. ఈ ఉపగ్రహాలు రోజుకు రెండుసార్లు దాదాపు 8,500 కిలోమీటర్లు పైకీ కిందికీ పోతూ, తమ గడియారాలతో ఆ సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టాయి. 2018లో వెలువడిన ఫలితం 1976 నాటి ప్రసిద్ధ ప్రయోగం కంటే దాదాపు అయిదు రెట్లు ఖచ్చితంగా ఐన్‌స్టీన్‌ను సమర్థించింది.

2016 డిసెంబరు 15న ప్రజలకు సేవలు మొదలయ్యాయి. కష్టాలు అంతటితో తీరలేదు. 2017లో కక్ష్యలోని కొన్ని పరమాణు గడియారాలు ఆగిపోయినట్లు బయటపడింది. 2019 జులైలో నేలమీది సమయ పరికరాల్లో లోపం వచ్చి దాదాపు వారం రోజులు సేవలు నిలిచిపోయాయి. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో రష్యా రాకెట్లు దూరమయ్యాయి. చివరకు 2024లో స్వావలంబన కోసం పుట్టిన ఈ ఉపగ్రహాలే అమెరికా రాకెట్‌లో ప్రయాణించవలసి వచ్చింది. సొంత బావి ఉంటే చాలదు, చేద కూడా సొంతదై ఉండాలన్నది అప్పటి పాఠం. మరోవైపు 2023 జనవరి నుంచి దాదాపు 20 సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో స్థానం చెప్పే ప్రత్యేక సేవను గెలీలియో ఉచితంగానే అందించసాగింది.

భూమికి కాపలాదారులు

దారి చూపడం ఒక ఎత్తయితే, భూమిని గమనించడం మరో ఎత్తు. 1998 మేలో ఇటలీలోని బవేనో అనే ఊళ్లో సమావేశమైన సంస్థలు పర్యావరణాన్ని నిత్యం పరిశీలించే ఐరోపా వ్యవస్థ కావాలని తీర్మానించాయి. 2012లో దానికి కోపర్నికస్ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, పదేళ్లపాటు సేవచేసిన ఎన్విశాట్ అనే పెద్ద ఉపగ్రహం హఠాత్తుగా మూగబోయింది. ఒక్క ఉపగ్రహం మీదే భారమంతా మోపకూడదని మరోసారి రుజువైంది.

2014 ఏప్రిల్ 3 నుంచి 'సెంటినెల్' ఉపగ్రహాలు వరుసగా కక్ష్యకు చేరాయి. ఆ మాటకు కాపలాదారు అని అర్థం. సెంటినెల్-1లోని రాడార్ మబ్బుల్లోనూ చీకట్లోనూ చూడగలదు. సెంటినెల్-2 పైరుపచ్చలను 13 వర్ణాల్లో, 10 మీటర్ల వరకు వివరంగా చిత్రిస్తుంది. జంటగా తిరిగే ఉపగ్రహాలు అయిదు రోజులకొకసారి అదే చోటిని మళ్లీ చూస్తాయి.

ఈ చిత్రాలకు వెల కట్టాలా? ఇక్కడ అమెరికా అనుభవం అక్కరకొచ్చింది. 1980లలో ఆ దేశం లాండ్‌శాట్ చిత్రాల పంపిణీని ప్రైవేటు సంస్థకు అప్పగించగా ఒక్కో చిత్రం ధర 4,000 డాలర్లు దాటింది. పరిశోధకులకు అంత స్తోమత ఎక్కడిది? 2008లో చిత్రాలన్నీ ఉచితం చేశాక వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. 2013లో ఐరోపా కూడా సెంటినెల్ సమాచారాన్ని దేశవిదేశాల్లో ఎవరికైనా ఉచితంగా ఇవ్వాలని నియమం చేసింది. ప్రజలు ఒకసారి చెల్లించినదానికి మళ్లీ వసూలు చేయడం న్యాయం కాదు కదా!

మనకేమిటి సంబంధం?

2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు, వరద ముందు దృశ్యాన్ని లాండ్‌శాట్‌తోనూ, వరద నాటి దృశ్యాన్ని సెంటినెల్-2తోనూ పోల్చి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా లోకానికి చూపింది. ఐరోపా పన్ను చెల్లింపుదారుడి డబ్బుతో తీసిన బొమ్మను, అమెరికా సంస్థ, మన వరద కోసం వాడింది! అదే ఏడాది మార్చిలో భారత్, ఐరోపా సమాఖ్య తమ ఉపగ్రహ సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేసుకున్నాయి.

దారి చూపే విషయంలో మాత్రం మనం సొంత మార్గం పట్టాం. 2006లో ప్రభుత్వం అనుమతించిన ప్రాంతీయ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. తర్వాత దానికి 'నావిక్' అని పేరు వచ్చింది. మన తొలి ఉపగ్రహపు గడియారాలూ ఆగిపోయాయి. గెలీలియోకు, మనకు వాటిని అందించింది ఒకే విదేశీ సంస్థ. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనదేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది. పరాయి తాళంచెవి బెడద ఐరోపాకే పరిమితం కాదని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది.

ఈసారి మీ ఫోనులో పటం చూసుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ చిన్న చుక్కను నిలబెట్టడానికి ఎన్ని దేశాల ఉపగ్రహాలు పనిచేస్తున్నాయో, వాటికి ఎవరు డబ్బు కట్టారో ఆలోచించండి. ఉచితమన్న మాటకు అర్థం ఎవరూ చెల్లించలేదని కాదు. అందరి తరఫునా ఎవరో చెల్లించారని.