లావు కావడానికి కారణం తిండి ఒక్కటేనా?

లావుగా ఉన్నవారిని "తిండిపోతు" అని ఎగతాళి చేయడం మీరు వినే ఉంటారు. మీలో కొందరు ఆ మాట పడే ఉంటారు. అతిగా తిని, కదలకుండా కూర్చునేవారే లావవుతారన్న నమ్మకం దాని వెనక ఉంది. అందులో నిజం లేకపోలేదు, కానీ అది సగమే.

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థూలకాయానికి కారణాలు చెబుతూ అతిగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్రలతోపాటు 'బీజ స్వభావం' అనే మాట కూడా చేర్చారు. అంటే తల్లిదండ్రుల నుంచి సంక్రమించేదని. ఆ ఒక్క మాటకు ప్రయోగశాలలో రుజువు దొరకడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో ఒక విచిత్రమైన చిట్టెలుక రకం బయటపడింది. ఎంత తిన్నా దాని ఆకలి తీరదు. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి ఎలుక రక్తప్రసరణను మామూలు ఎలుక రక్తప్రసరణతో కలిపి చూశాడు. లావు ఎలుక తిండి తగ్గించింది, చిక్కిపోయింది! అంటే "ఇక చాలు" అని చెప్పే పదార్థమేదో మామూలు ఎలుక రక్తంలో ఉందన్నమాట. దాన్ని తయారుచేసే జన్యువును 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది. కొవ్వు కణాల నుంచే వెలువడే ఆ హార్మోన్‌కు లెప్టిన్ అని పేరు పెట్టారు. 1997లో ఇంగ్లండ్‌లో, పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లల్లో ఇదే లోపం కనిపించింది. వారిది తిండిపోతుతనం కాదు, జబ్బు. అయితే ఇలాంటివారు చాలా అరుదు. స్థూలకాయుల్లో ఎక్కువమందికి లెప్టిన్ పుష్కలంగానే ఉంటుంది, మెదడే దాని మాట సరిగా వినదు. ఒకే మందుతో సమస్య తీరిపోతుందన్న ఆశ అలా అడుగంటింది.

ఇక తల్లి కడుపులోని రోజుల సంగతి. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతం కరవు పాలైంది. ఆ కాలంలో పుట్టిన యువకుల సైనిక పరీక్షల రికార్డులను పరిశీలించి 1976లో ఫలితాలు ప్రచురించారు. గర్భం తొలి సగంలో తల్లి పస్తులున్నవారిలో స్థూలకాయం ఎక్కువగా ఉంది. చివరి నెలల్లో పస్తులున్న తల్లుల బిడ్డల్లో మాత్రం తక్కువ!

మన దేశానికి వద్దాం. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఫోటోనే పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పుణే పరిసర గ్రామాల్లో పుట్టే శిశువులు బరువు తక్కువగా ఉన్నా, ఆ బరువుకు తగినదానికన్నా ఎక్కువ కొవ్వుతో పుడుతున్నారని కూడా ఆయన బృందం గమనించింది. సన్నగా కనబడేవారికి మధుమేహం ఎందుకు వస్తోందో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

అందుకే ఆసియావారి విషయంలో బి.ఎం.ఐ. 25 దాకా ఆగక, 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. లెక్క వేసి చూడండి. అయితే ఈ హద్దులు పెద్దవారివి. స్కూలు వయసు పిల్లలకు వయసును బట్టి, ఆడ, మగ పిల్లలకు వేర్వేరు పట్టికలున్నాయి.